స్టోమా నర్సు అట, ఎక్కడుందో చెప్పండి ముందు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పేగు ఆపరేషన్ అయ్యాక పొట్టమీద బ్యాగుతో బతికేవాళ్ల గురించి వేశారు. బ్యాగు లీకయితే టెన్షన్ పడకుండా మీ స్టోమా నర్సును కలవండి అని సలహా కూడా ఇచ్చారు. స్టోమా అంటే పొట్టమీద పేగుకి చేసిన ద్వారం, దాన్ని చూసుకునే నర్సన్నమాట. ఊరుకుందామనే అనుకున్నాను గానీ ఉండబట్టలేదు. అయ్యా, ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి, గుణుపూరు, కాశీనగరం వైపు వచ్చి స్టోమా నర్సు ఎక్కడని అడగండి, ఎవరో కొత్తగా బదిలీ మీద వచ్చిన అమ్మాయి పేరనుకుంటారు.

నాకు చేసింది ఇలియోస్టమీ. చిన్నపేగునే పొట్టమీదకి తెచ్చి పెడతారు, పెద్దపేగు దాకా పోదు కాబట్టి వచ్చేదంతా నీళ్లలాగే ఉంటుంది, దాంట్లో అరుగుదల రసాలుంటాయి, చర్మానికి తగిలితే ఒలిచేస్తుంది. బ్యాగుని చర్మానికి అంటించే ప్లేటు కింద ముందు దురద, తర్వాత మంట, మనం చూసుకునేలోపు చొక్కా తడి. వేసవిలో చెమటకి ప్లేటు అంచులు ఎప్పుడు లేస్తాయో చెప్పలేం. నన్ను డిశ్చార్జి చేసిన రోజు (ఏ ఆసుపత్రో చెప్పను) ఒక బ్యాగు అంటించి, ఇంకో రెండు చేతిలో పెట్టి పంపేశారు. బిల్లు మాత్రం లైను లైనూ విడమరిచి చెప్పారు లెండి.

ప్లేటులో కత్తిరించే రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి. ఆపరేషన్ తర్వాత ఆరేడు వారాల పాటు స్టోమా వాపు తగ్గి చిన్నదవుతూ ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ కొలుచుకోవాలి, మొదటి రోజు సైజుకే కత్తిరిస్తూ పోతే లీకు కాక ఏమవుతుంది? మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యాలి, చర్మం పూర్తిగా ఆరాకే ప్లేటు అంటించాలి, కొబ్బరినూనె రాయకూడదు, లీకైన చోట పైన ప్లాస్టర్ వేస్తే లోపల ఇంకా పుండవుతుంది. ఇదంతా చెప్పడానికి పావుగంట చాలు. ఆ పావుగంట ఎవరికీ లేదు. నాకు చెప్పింది వరండాలో పక్కన కూర్చున్న ఇంకో పేషెంటు!

మందుల షాపులో అడిగితే "ఏటి బాబూ అది, అలాటియి మనకాడ ఎవులు కొంటారు" అంటాడు. అతన్నీ తప్పుపట్టలేం. ఇక శ్రీకాకుళమో, బరంపురమో, విశాఖో పోవాలి. సరిహద్దు దాటితే ఆరోగ్య కార్డు ఏ రాష్ట్రానిదని మొదటి ప్రశ్న. ఆపరేషన్ ఖర్చు ఏదోలా గట్టెక్కినా నెలనెలా బ్యాగులకి నా జేబే దిక్కు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాల వైకల్యాలు రాశారు, వెతికి చూడండి, మా సంచీవాళ్ల ఊసు లేదు. రైల్వే వాళ్లు మాత్రం మమ్మల్ని గుర్తుపెట్టుకుని సీజన్ టికెట్టులో సగం రాయితీ ఇస్తారు. పొట్టమీద ప్లేటు ఊడుతుందేమోనన్న భయంతో రోజూ రైలెక్కేవాడు ఎవడో మరి.

బయటికి వెళ్లడమే పెద్ద గండం. మంత్రిగారు రిబ్బను కోసిన బస్టాండు మరుగుదొడ్డి ఫొటో మీ పేపర్లోనే చూశాను. ఇప్పుడు దానికి తాళం. తీసి ఉన్న రోజు నీళ్లుండవు, చేతిసంచి తగిలించుకోడానికి తలుపుకి మేకుండదు, తీసేసిన బ్యాగు వెయ్యడానికి మూతున్న డబ్బా ఉండదు. ఓట్లప్పుడు మాత్రం అటువాళ్లూ ఇటువాళ్లూ ఇంటికొచ్చి మరీ ఆరోగ్యం అడుగుతారు.

మేమేమీ కొత్త ఆసుపత్రి కట్టమనడం లేదు. ఉన్న నర్సుల్లోనే జిల్లాకొకరికి ఈ పని నేర్పించి, వారానికొక పూట కూర్చోబెట్టమనండి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లోని నిరామయ కౌంటర్లలో మందులు ఉచితంగా ఇస్తున్నట్టే బ్యాగులూ ప్లేట్లూ ఇవ్వమనండి. ఆ సంగతి అధికారుల్ని అడిగి, వాళ్లేమన్నారో వెయ్యండి.

నా పేరు వెయ్యొద్దు, ఈ ఊళ్లోనే తిరగాలి.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి