పిల్లలకు కారణాలూ చెప్పండి

సంపాదకుల వారికి,

పిల్లల పేజీలో చరిత్రలోని విపత్తుల గురించి రాసేటప్పుడు ఏ సంవత్సరం, ఎంతమంది చనిపోయారు అన్నదగ్గరే ఆగిపోతున్నాం. అలా చదివిన పిల్లలకు భయం మిగులుతుంది తప్ప ఎందుకు జరిగిందో తెలియదు.

1963లో ఇటలీలోని వాయోంట్ ఆనకట్ట సంగతే చూడండి. ఆనకట్ట కూలలేదు, ఇప్పటికీ నిలబడే ఉంది. పక్కనున్న టోక్ కొండచరియ జలాశయంలోకి జారిపడటంతో నీళ్లు ఆనకట్ట పైనుంచి ఎగిసి కింది ఊళ్లను తుడిచిపెట్టాయి. దాదాపు 2,000 మంది చనిపోయారు. కొండ కదులుతోందని అంతకు ముందే తెలుసు. మరి దాన్ని ప్రకృతి విపత్తు అనాలా, మనిషి తెచ్చిపెట్టినది అనాలా? ఈ ప్రశ్న పిల్లల ముందు పెట్టండి, వాళ్లు గంటలకొద్దీ వాదించుకుంటారు. 1984 నాటి భోపాల్ విషవాయువు దుర్ఘటనలో మాత్రం ఆ అనుమానానికే తావు లేదు. మిథైల్ ఐసోసయనేట్ అనే విషరసాయనం ఉన్న ట్యాంకులోకి నీళ్లు చేరాయి, దాన్ని చల్లగా ఉంచాల్సిన యంత్రం అప్పటికే ఆపేసి ఉంది.

పసివాళ్లకు ఇవన్నీ ఎందుకని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ తీరంలో సముద్రపు నీటి తీరు చూసి సునామీ వస్తోందని గుర్తుపట్టింది పదేళ్ల బ్రిటిష్ బాలిక. కొద్దివారాల ముందే భూగోళం క్లాసులో ఆ పాఠం విన్నది. ఆమె హెచ్చరికతో ఆ బీచ్‌ను ఖాళీ చేయించారు.

దయచేసి వారానికి ఒక్క విపత్తునైనా కారణాలతో, బొమ్మలతో వివరించే శీర్షిక మొదలుపెట్టండి.

– ఒక పాఠకురాలు