పాపకు నాయన రాసేది

చిరంజీవి పాపకు ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వకు మోకాళ్ల నొప్పులు ఎప్పటివే. తమ్ముడు పుస్తకం ముందు పెట్టుకుని ఫోను చూస్తున్నాడు, అదీ ఎప్పటిదే.

ఫోన్లో చెబితే నువ్వు "సరే నాయనా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి, అమ్మ పంపే చెనిక్కాయల పొడి డబ్బాతో పాటు పెడుతున్నా.

మొన్న నువ్వు అమ్మతో మాట్లాడుతుంటే పక్కనే ఉన్నాను. స్టాటిస్టిక్స్ క్లాసులో నువ్వు రాసుకునేలోపే బోర్డు తుడిచేస్తున్నారన్నావు. రాత్రి రెండైనా నిద్ర పట్టట్లేదన్నావు. పొద్దున్నే గుండె దడదడలాడుతోందన్నావు. వెంటనే మళ్లీ "ఏం లేదులే అమ్మా, టెన్షన్ అంతే" అని నువ్వే కొట్టేశావు. ఏళ్ల తరబడి కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ సీటులో కూర్చున్నవాణ్ణి, "ఏం లేదులే సార్" అనే పిల్లలను చాలామందిని చూశాను. గడువు దాటిన మర్నాడు కిటికీ దగ్గర నిలబడేది వాళ్లే.

తిరుపతిలో 1954 నుంచి ఉన్న యూనివర్సిటీ మీ ఎస్వీ యూనివర్సిటీ. చిత్తూరు, కడప, అనంతపురం పల్లెల నుంచి ట్రంకు పెట్టెలతో వచ్చి దిగిన పిల్లలను ఎందరినో చూసింది. నీకున్న ఇబ్బంది వాళ్లకు కొత్త కాదు. అయితే అక్కడ నీకోసం పెట్టినవేవీ హాస్టల్ గది దాకా నడిచి రావు. నువ్వే పోయి అడగాలి, అదీ విషయం ముదరకముందే.

ముందు కౌన్సెలర్ సంగతి. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకునే ఒక పాప చనిపోతే, కన్నతండ్రి కోర్టుకెక్కిన కేసు అది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒక్కరినైనా పెట్టాలని కోర్టు చెప్పింది. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలని కూడా చెప్పింది. ఆ తీర్పు పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. కాబట్టి కౌన్సెలర్ దగ్గరికి పోవడమంటే ఎవరి దయో అడుక్కోవడం కాదు.

అవ్వకు చెబితే "పాపకేమైనా పిచ్చా, డాక్టరెందుకు" అంటుంది. ఆమెతో ఆ మాట ఎత్తొద్దు, అంతే. కౌన్సెలర్ ముందు చేసేది మాట్లాడించడం. ఎప్పటి నుంచి నిద్ర లేదు, ఏం తింటున్నావు, ఏ సబ్జెక్టు భయపెడుతోంది, ఇంట్లో ఎలా ఉంది, ఇవీ అడిగేవి. మందులు రాసేది సైకియాట్రిస్టు. అవసరమనిపిస్తే అక్కడికి పంపిస్తారు. రుయా ఆసుపత్రి మీ క్యాంపస్‌కు దగ్గరే, అక్కడ సైకియాట్రీ ఓపీ ఉంది. అంతవరకు వస్తే నాకు చెప్పు, బస్సెక్కి వచ్చేస్తా. నువ్వు చెప్పిన మాటలు హెచ్ఓడీకి, వార్డెన్‌కు చేరతాయేమో అని భయపడకు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ మాటలు గోప్యంగా ఉంచడం వాళ్ల బాధ్యత. ప్రాణానికి ప్రమాదం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప బయటపెట్టకూడదు.

రాత్రిపూట కౌన్సెలర్లు ఉండరు కదా. దానికి 14416 ఉంది, టెలీమానస్ అంటారు. 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఫీజు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండింటికి నిద్ర రాక రీల్స్ చూసే బదులు ఆ నంబరు కొట్టు. నన్ను లేపినా తప్పేం లేదు, కాకపోతే నాకు లెక్చర్ ఇవ్వడమే వచ్చు, వాళ్లకు వినడం వచ్చు.

ఇక నాకు బాగా తెలిసిన సంగతి, కాగితం. మీ హాస్టల్లో నీళ్లు రాకపోయినా, మెస్ అన్నంలో పురుగు కనబడినా పిల్లలంతా కలిసి వార్డెన్ ముందు గోల చేస్తారు, ఆమె చూద్దామంటుంది, అక్కడితో సరి. ఆఫీసులో నోటి మాటకు విలువ లేదు. తెల్ల కాగితం తీసుకో. పైన తేదీ, ఎవరికి, ఎవరి ద్వారా, విషయం ఒక్క వాక్యంలో. కింద జరిగింది జరిగినట్టు నాలుగు వాక్యాలు. కోపం, కన్నీళ్లు, ఇంగ్లీషు గొప్పలు ఏవీ వద్దు. పేరు, రోల్ నంబరు, గది నంబరు, సంతకం. ముఖ్యమైనది ఇప్పుడు చెప్తా విను: రెండు కాపీలు తీసుకుపో. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీతో సీలు, పొట్టి సంతకం వేయించుకో. "ఎందుకమ్మా, పెట్టేసి పో" అంటాడు గుమాస్తా. "మా నాయన కూడా గుమాస్తానే సార్, సీలు లేకుండా రావద్దన్నాడు" అను. నవ్వేసి వేస్తాడు. సీలు పడ్డ కాగితాన్ని పోయిందనడం ఎవరి వల్లా కాదు. అక్కడ కదలకపోతే విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ, ఆ పైన అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ ఉంటారు. 2023లో యూజీసీ తెచ్చిన నిబంధనలవి. కింద కాగితం లేకుండా పైకి పోతే "ముందు కింద అడిగావా" అంటారు, అందుకే ఇంతసేపు సీలు గురించి రాశా.

డబ్బు విషయం ఒకటి. మొన్న ఎవరో బ్యాంకు వాళ్లు క్యాంపస్‌లో టేబుల్ వేసి బ్యాగు ఉచితమంటూ అకౌంట్లు తెరిపిస్తున్నారన్నావు. తెరిచావా? ఆధార్ మీద వచ్చే సర్కారు డబ్బు నువ్వు ఫారంలో రాసిన అకౌంటుకే పడుతుందనుకోకు. ఆఖరున ఏ బ్యాంకులో ఆధార్ లింకు చేశావో దానికే పోతుంది. మా దగ్గర ఒక బీకాం అబ్బాయి స్కాలర్‌షిప్ రాలేదని కాళ్లరిగేలా తిరిగాడు. వెబ్‌సైట్‌లో చూస్తే డబ్బు పడ్డట్టే ఉంది. తీరా చూస్తే ఇట్లాగే ఏదో ఆఫర్‌కు తెరిచి వదిలేసిన అకౌంటులో ఉంది, దాని పాస్‌బుక్ ఎక్కడ పెట్టాడో వాడికే తెలియదు. సోమవారం మన పాత బ్యాంకు బ్రాంచికి పోయి, ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ లెక్కల్లో, నీ ఆధార్ ఏ బ్యాంకుకు మ్యాప్ అయి ఉందో అడుగు. ఐదు నిమిషాల పని.

ర్యాగింగ్ గురించి ఎక్కువ రాయను. అడ్మిషన్ అప్పుడు మనిద్దరం ఆన్‌లైన్‌లో అండర్‌టేకింగ్ ఇచ్చాం, గుర్తుందా? ఆ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522 ఫోన్లో దాచుకో. ఎవరైనా, సీనియరైనా సారైనా, చెడుగా ప్రవర్తిస్తే, అంటే లైంగికంగా వేధిస్తే, దానికి ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి. విద్యార్థుల కేసైతే కమిటీలో విద్యార్థులు కూడా కూర్చుంటారు. ముందు మాతో చెప్పడానికి సిగ్గుపడి ఆ మూడు నెలలు పోగొట్టుకోవద్దు. మీ అమ్మ, నేను "నువ్వేం చేశావు" అని అడిగే మనుషులం కాదు.

నీ పక్కన కూర్చునే ఆ చూపు తక్కువున్న అమ్మాయి గురించి అమ్మ చెప్పింది. మిడ్ పరీక్షలో సగమే రాసిందట పాపం. ఆ పిల్లకు స్క్రైబ్, అంటే తను చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి, సౌకర్యం ఉందని ఎవరూ చెప్పలేదా? అర్హత ఉంటే గంటకు ఇరవై నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకు గంట ఎక్కువ. వైకల్యం ఉందని సర్కారు ఇచ్చే సదరం సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి పరీక్షకు చాలా ముందే దరఖాస్తు పెట్టాలి. హాల్ టికెట్ వచ్చాక పరిగెడితే కుదరదు. నువ్వు తోడు వెళ్లి రాయించు. సీలు మరవొద్దు.

స్టాటిస్టిక్స్ సంగతి అడిగితే, నాకు సగటు కట్టడం దాకానే వచ్చు. క్లాసయ్యాక సార్ గదికి పోయి అర్థం కాని లెక్క ముందు పెట్టు. అంత దూరం నడిచొచ్చి అడిగే పిల్లలను కసిరే మేష్టార్లు తక్కువ. రీసెర్చ్ స్కాలర్లు లైబ్రరీలోనే ఉంటారు, వాళ్లలో ఒక అక్కను పట్టుకో. ఒంట్లో బాగాలేక క్లాసు పోతే మెడికల్ సర్టిఫికెట్ తిరిగొచ్చిన రోజే ఇచ్చెయ్యి. అటెండెన్స్ తగ్గిందని లిస్టు అంటించాక తెచ్చే సర్టిఫికెట్‌ను ఆఫీసులో ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మీ అమ్మ "టికెట్టే లేదు కదా, ప్రతి ఆదివారం రావచ్చుగా" అంటోంది. వస్తే సంతోషమే. సంగటి, ఊరిబిండి చేస్తుంది, రెండు పూటలా నిద్రపోవచ్చు. కానీ వచ్చే ముందు, ఈ వారంలోనే, కౌన్సెలర్ ఏ బిల్డింగులో, ఏ వేళల్లో కూర్చుంటారో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి కనుక్కో. ఒక్కదానివే పోవడానికి మొహమాటంగా ఉంటే రూమ్మేట్‌ను తలుపు దాకా తీసుకుపో. పోయొచ్చాక ఏం మాట్లాడారో నాకు చెప్పనక్కర్లేదు. పోయానని ఒక్క మెసేజ్ పెట్టు చాలు.

మీ నాయన
చిత్తూరు