నూజివీడు కబడ్డీ కోర్టు దగ్గర మా అమ్మాయి కన్ను కాపాడిన మేడమ్ గారికి కృతజ్ఞతలు

గత నెల నూజివీడులో జరిగిన కళాశాల బాలికల కబడ్డీ పోటీలో, మా అమ్మాయి కంట్లో కాంటాక్టు లెన్సు జరిగిపోయి ఏడుస్తూ కూర్చున్నప్పుడు పరుగున వచ్చి ఆదుకున్న అవతలి జట్టు మేనేజరు గారిని ఉద్దేశించి ఇది రాస్తున్నాను. మేడమ్, ఆ హడావుడిలో మీ పేరు అడగడం కూడా మరిచిపోయాను.

మా అమ్మాయికి రెండు కళ్లకూ మైనస్ 6 పవర్ ఉంది. కబడ్డీలో కళ్లజోడుతో ఆడనివ్వరు. పట్టులో అద్దం పగిలితే తనకే కాదు, పట్టిన పిల్లలకూ ప్రమాదమే. రెండేళ్లపాటు కళ్లజోడు తీసేసి, ఎదుటివాళ్లు రంగు మరకల్లా కనిపిస్తుండగానే కూతకు వెళ్లేది. కార్నర్‌లో ఉన్న పిల్ల ఎప్పుడు ముందుకు దూకుతుందో తెలియక చీలమండ దగ్గర దొరికిపోతుంటే, బెదురు అనుకుని నేను కోప్పడేవాణ్ణి. అది బెదురు కాదు, చూపు సంగతి అని కనిపెట్టిన కళాశాల వ్యాయామ అధ్యాపకురాలికి ముందుగా నా నమస్కారాలు.

కళ్లజోడుకు బదులు లెన్సులు అమర్చిన ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించే నిపుణులు) గారికీ రుణపడి ఉన్నాను. కళ్లజోడు కంటికి కాస్త ఎడంగా ఉంటుందని, లెన్సు నేరుగా నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది కనుక మైనస్ 5.50 సరిపోతుందని ఓపికగా వివరించారు. గట్టి లెన్సు చిన్నది కావడంతో దెబ్బకు ఊడిపోవచ్చని, దుమ్ము దాని కిందికి చేరుతుందని చెప్పి, సుమారు 14 మిల్లీమీటర్ల వెడల్పుతో నల్లగుడ్డును దాటి నిలిచే మెత్తటి లెన్సులు, అవీ ఏ రోజుకారోజు పారేసేవి, ఎంచి ఇచ్చారు. వేలికొన మీద గిన్నెలా నిలబడితే సరైన వైపు అని, అంచులు పళ్లెంలా విచ్చుకుంటే తిరగబడినట్టు అని చూపించారు. మా అమ్మాయికి పెట్టుకోవడం, తీయడం రెండూ చేతనయ్యేదాకా, అంటే గంటన్నరసేపు, మమ్మల్ని కదలనివ్వలేదు.

ఇంత చెప్పించుకుని కూడా ఆ రోజు తప్పు చేయబోయింది నేనే. మట్టి కోర్టు, ఎదురుగాలి. విరామంలో అమ్మాయి కన్ను నలుపుకుంది. లెన్సు మడతపడి పైరెప్ప కిందికి పోయింది. "నాన్నా, వెనక్కి వెళ్లిపోయింది" అని ఏడుస్తుంటే, నేను మంచినీళ్ల సీసా మూత తీసి కంట్లో పోయబోయాను. మీరు నా చెయ్యి పట్టుకుని "నీళ్లు వద్దండీ" అన్నారు. సబ్బుతో చేతులు కడిగి, ఆరబెట్టుకుని వచ్చి, మీ సంచిలోంచి లెన్సును తడిపే చుక్కల కొత్త సీసా విప్పి కంట్లో వేశారు. "వెనక్కి పోయే దారి లేదమ్మా, అక్కడ పొర అడ్డముంటుంది, కిందికి చూడు" అంటూ రెప్ప మీద మెల్లగా నిమిరితే, కాసేపటికి లెన్సు కంటి మూలకు వచ్చింది.

దాన్ని కడిగి మళ్లీ పెడదామన్నాను. కుళాయి నీళ్లలోనైనా బోరు నీళ్లలోనైనా అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చని, అది లెన్సును పట్టుకుని నల్లగుడ్డును తొలిచేస్తుందని, ఆ జబ్బు నయం కావడానికి నెలలు పడుతుందని చెప్పి మీరు దాన్ని పారేయించారు. కన్ను ఎర్రబడింది కనుక కొత్త లెన్సు కూడా పెట్టవద్దన్నారు. మా అమ్మాయి రెండవ సగం ఆడలేదు, మీ జట్టు మూడు పాయింట్లతో గెలిచింది. మీవాళ్లకు కలిసివస్తుందనే ఆడవద్దన్నారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను, దాచను, క్షమించండి.

మర్నాడు కంటి డాక్టరు గారు పరీక్షించి, నల్లగుడ్డు మీద చిన్న గీత పడిందని, దాని మీద లెన్సు పెట్టి ఆడి ఉంటే పుండుగా మారే ప్రమాదం ఉండేదని చెప్పారు. చుక్కల మందుతో వారంలో తగ్గింది. ఇప్పుడు మళ్లీ సాధనకు వెళ్తోంది; సంచిలో అదనపు జతతోపాటు కళ్లజోడు కూడా ఉంటోంది.

మీ చుక్కల సీసా మా దగ్గరే ఉండిపోయింది. విప్పినది కనుక తిరిగి ఇవ్వలేను. కొత్తది కొని ఉంచాను. ఆ జట్టు పిల్లలెవరైనా ఇది చదివితే, దయచేసి మీ మేడమ్ గారికి చెప్పండి.