"పిగ్" అన్న పేరు గురించి తల్లిదండ్రులకు ఓ మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

అమెరికాలో మన నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం చూసొచ్చాక పిల్లలు ఒకరినొకరు "పంది" అని పిలుచుకుంటున్నారని, తెలుగు బడిలో నేర్పేది ఇదేనా అని గ్రూపులో అడిగారు. పిల్లలతో మాట్లాడాం, ఆ పిలుపు ఆగింది. అయితే ఆ పిలుపుకు మూలమైన అంధ పియానో వాద్యకారుడు హార్గస్ "పిగ్" రాబిన్స్ గురించి చెప్పడం మాత్రం ఆపం.

ఆయన 1938లో టెనెసీలోని స్ప్రింగ్ సిటీలో పుట్టారు. పసితనంలో తండ్రి కత్తి తగిలి కంటికి గాయమైంది, చివరికి రెండు కళ్లూ పోయాయి. మన నాష్‌విల్‌లోనే అంధుల పాఠశాలలో ఏడేళ్లకు పియానో పట్టారు. వద్దన్న వేళల్లో కూడా ఫైర్ ఎస్కేప్ గుండా దూరి వాయించుకునేవారు. ఒళ్లంతా మురికి చేసుకొస్తే బడిలో పెద్దలు పెట్టిన పేరది! 1959లో గాయకుడు జార్జ్ జోన్స్ పాట "వైట్ లైట్నింగ్"తో స్టూడియోలు ఆయన్ని గుర్తించాయి. 1966లో గాయకుడు బాబ్ డిలాన్ ఇక్కడ రికార్డు చేసినప్పుడూ, 1977లో క్రిస్టల్ గేల్ పాడిన "డోంట్ ఇట్ మేక్ మై బ్రౌన్ ఐస్ బ్లూ" మొదట్లోనూ వినిపించే పియానో ఆయనదే. 2012లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు, 2022లో 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మూడు గంటల రికార్డింగ్ సెషన్‌లో మూడు నాలుగు పాటలు పూర్తిచేసే ఊరిది. అక్కడ చెవే ఆధారం. నాష్‌విల్ వాద్యకారులు కార్డులను (chords, ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) అంకెల్లో రాసుకుంటారు: 1, 4, 5 అంటే మన స, మ, ప మీద నిలిచే కార్డులు. సి శ్రుతిలో అవి సి, ఎఫ్, జి. గాయకుడు శ్రుతి పెంచి డి అంటే డి, జి, ఎ. అంకెలు మారవు, చేయి జరుగుతుంది, అంతే. ఆధార షడ్జమం (పాటకు మూలమైన స) తెలిసిన మన పిల్లలకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఆ తరం పియానోలో మరో అందం, జారుడు స్వరం: పైన ప నొక్కి ఉంచి, రి ని అలా తాకి వెంటనే గ మీదికి జారాలి. రి మీద కాస్త ఆగినా రెండు స్వరాలు విడివిడిగా మోగి పాట కుంటుతుంది.

మూడో తరగతి పాప ఒకరు చేతుల మీద తువ్వాలు కప్పుకొని, జంట నల్లమెట్లను తడిమి, వాటికి ఎడమ పక్కనున్న సి పట్టుకొని, శంకరాభరణం రాగాన్ని సి లోనూ డి లోనూ తప్పు లేకుండా వాయించింది. తరగతి మొత్తం లేచి నిలబడింది. ఎంత ముచ్చటేసిందో!

అందుకే మీకో విన్నపం. కీబోర్డు మీద రంగు స్టిక్కర్లు అంటించి పంపుతున్నారు. మీ ప్రేమ అర్థమవుతుంది. కానీ స్టిక్కరు చూస్తున్నంతసేపూ పిల్లలు వినరు, వేలు ఆగిపోతుంది. దయచేసి ఈ వారమే పీకేయండి. ట్రాన్స్‌పోజ్ బటన్ కూడా ముట్టనివ్వకండి, శ్రుతిని యంత్రం మారిస్తే చేయి నేర్చుకోదు. రోజూ పది నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, విన్న పాటలో "స" ఎక్కడుందో వెతకమనండి చాలు.

ఉగాది రిహార్సల్ ఆదివారమే, ఫీజు బాకీలు ఆఫీసులో కట్టండి, నీళ్ల సీసాల మీద పేర్లు రాయండి. వచ్చే తరగతికి ప్రతి బిడ్డా ఒక చేతి తువ్వాలు తేవాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు