మన రోటరీ క్లబ్ 2024–25 వార్షిక నివేదిక: విరాళాలు బాగున్నాయి, సభ్యులే నిలవడం లేదు

రొటేరియన్ మిత్రులందరికీ, వారి కుటుంబ సభ్యులకూ నమస్కారం.

జూన్ 30తో మన రోటరీ సంవత్సరం ముగుస్తోంది. జమాఖర్చుల పట్టిక ట్రెజరర్ గారు తయారుచేశారు, కాపీలు మీ కుర్చీల మీదే ఉన్నాయి. ఆ అంకెలన్నీ ఇక్కడ మళ్ళీ చదివి మీ సహనం పరీక్షించను. డబ్బు ఎలా వచ్చింది, ఎటు వెళ్ళింది, మనుషులు ఎందుకు చేరారు, ఎందుకు మానేశారు, ఈ నాలుగు సంగతులే చెబుతాను. విరాళాల విషయంలో ఈ ఏడాది మనం తలెత్తుకుని తిరగొచ్చు. సభ్యత్వం గురించి మాత్రం అంత ధీమాగా చెప్పలేను.

వరద నెల

మన కొత్త కార్యవర్గం ఇంకా కుదురుకోకముందే బుడమేరు పొంగింది. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం తెల్లారేసరికి విజయవాడ సింగ్ నగర్ వైపు కాలనీలన్నీ నీళ్ళలో ఉన్నాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మన వాట్సాప్ గ్రూపులో ఆ రోజు వచ్చినన్ని మెసేజ్‌లు ఏడాది మొత్తంలో రాలేదు. గుడ్ మార్నింగ్ ఫోటోలు ఒక్కటీ లేకుండా గడిచిన వారం కూడా అదే.

మొదట అందరిలాగే మనమూ పులిహోర పొట్లాలు, వాటర్ బాటిళ్ళు, కొవ్వొత్తులు పంపాం. అక్కడికి వెళ్ళినవాళ్ళు చూసిందేమిటంటే, మెయిన్ రోడ్డు మీద పొట్లాలు మిగిలిపోతున్నాయి, లోపలి సందుల్లో మేడలెక్కి కూర్చున్నవాళ్ళకు పాల ప్యాకెట్ కూడా అందడం లేదు. మనకు పడవలు లేవు. ఇక అన్నం పంపడం ఆపి, నీళ్ళు తీశాక అక్కర్లోకి వచ్చే పని చేద్దామని బోర్డు నిర్ణయించింది. ఇదేం నిర్ణయం, జనం ఆకలితో ఉంటే ఆగుతామా అని కొందరు సభ్యులు కోప్పడ్డారు కూడా.

నీళ్ళు తీసిన తర్వాత వెళ్ళిన వ్యాన్‌లో నేనూ ఉన్నాను. ఒక ఇంటి గడపలో పెద్దావిడ కూర్చుని, గ్యాస్ స్టవ్ బర్నర్ చేతిలో పట్టుకుని చీపురు పుల్లతో చిల్లుల్లో బురద తీస్తోంది. పక్కనే తడిసి ఉబ్బిన పరుపు, తలుపులు తీసి బోర్లించిన ఫ్రిజ్. ఏం కావాలమ్మా అని అడిగితే, "అన్నం ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారు నాయనా, నా పొయ్యి వెలిగితే నేనే వండుకుంటా" అంది. ఆ వ్యాన్‌లో మన ఊరి స్టవ్ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. కొత్త బర్నర్లు, గ్యాస్ ట్యూబులు, రెగ్యులేటర్లు, స్విచ్ బోర్డులు, బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్ పట్టుకెళ్ళాం. ఇంటింటికీ కూర్చుని బాగుచేశారు. మెకానిక్‌లకు రోజు కూలి ఇస్తామంటే సగమే తీసుకున్నారు. బ్యానర్ కట్టలేదు. సరైన ఫోటోలు లేవు కాబట్టి రోటరీ డిస్ట్రిక్ట్ (మన ప్రాంతపు క్లబ్‌లన్నిటి సముదాయం) ఇచ్చే అవార్డుకి పంపడానికి మన దగ్గర ఏమీ లేదు. నన్నడిగితే ఏడాది మొత్తంలో మనం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా సద్వినియోగమైంది ఇదే.

డబ్బు సంగతి

ఈసారి సావనీర్ వేయలేదు. ప్రతి ఏటా అవే షాపులకు వెళ్ళడం, వాళ్ళు మొహమాటానికి అరపేజీ యాడ్ ఇవ్వడం, ఆ పుస్తకం ప్రింటింగ్‌కే సగం పోవడం, మిగిలిన కాపీలు గోడౌన్‌లో చెదలు పట్టడం మనకు తెలిసిందే. దాని బదులు దీపావళికి టపాకాయల స్టాల్ పెట్టాం. లైసెన్సు, ఫైర్ పర్మిషన్, ఇసుక బకెట్ల టెన్షన్ అంతా ప్రెసిడెంట్ గారు మోశారు. స్టాల్‌లో నిలబడి అమ్మిన పిల్లలకూ, ఆడవాళ్ళకూ సభ తరఫున ధన్యవాదాలు.

అంతకన్నా నిలకడగా వచ్చింది పుట్టినరోజు, పెళ్ళిరోజు డబ్బు. మీటింగ్‌లో లేచి "ఈ వారం మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది" అని చెప్పి డబ్బాలో నోటు వేసే అలవాటు మళ్ళీ మొదలుపెట్టాం. ఆలస్యంగా వచ్చినవాళ్ళ దగ్గర సార్జెంట్ గారు (మీటింగ్‌లో క్రమశిక్షణ చూసే సభ్యుడు) వసూలు చేసే ఫైన్ కూడా అందులోకే. చిల్లర డబ్బే కదా అని కొట్టిపారేయకండి. 1917లో అట్లాంటా కన్వెన్షన్‌లో అప్పటి రోటరీ అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ గారు శాశ్వత నిధి ఒకటి పెడదామన్నప్పుడు, దానికి వచ్చిన మొదటి విరాళం కాన్సాస్ సిటీ క్లబ్ పంపిన 26 డాలర్ల 50 సెంట్లు. ఆ నిధే నేటి రోటరీ ఫౌండేషన్. దాని ఎండోమెంట్ (శాశ్వత నిధి)కి 2025 నాటికని పెట్టుకున్న లక్ష్యం 202.5 కోట్ల డాలర్లు.

ఫౌండేషన్‌కి ఇచ్చిన డబ్బు అమెరికా వెళ్ళిపోతుంది, మనకేం ఒరుగుతుంది అని ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. లెక్క ఇదీ. యాన్యువల్ ఫండ్ షేర్ (ఫౌండేషన్‌కి ఏటా ఇచ్చే మామూలు విరాళం) కింద మీరిచ్చే ప్రతి 100 రూపాయల్లో 5 రూపాయలు నిర్వహణకు పోతాయి. 47 రూపాయల 50 పైసలు మూడేళ్ళ తర్వాత మన డిస్ట్రిక్ట్ పేరున తిరిగొస్తాయి. ఇంకో 47 రూపాయల 50 పైసలు ఫౌండేషన్ ఉమ్మడి నిధి అయిన వరల్డ్ ఫండ్‌లో ఉంటాయి. డిస్ట్రిక్ట్‌కి వచ్చిన దాంట్లో సగం వరకు చిన్న పనులకు డిస్ట్రిక్ట్ గ్రాంట్‌గా వాడుకోవచ్చు. మిగతాది పెద్ద ప్రాజెక్టులకిచ్చే గ్లోబల్ గ్రాంట్‌లో పెడితే వరల్డ్ ఫండ్ దానికి 80 శాతం కలుపుతుంది. ఆ గ్రాంట్‌కి మాత్రం ప్రాజెక్టు కనీసం 30,000 డాలర్లది అయుండాలి, వేరే దేశపు క్లబ్బో డిస్ట్రిక్టో మనతో చేతులు కలపాలి. అంటే ఈ ఏడాది మన డిస్ట్రిక్ట్ 3020లో ఖర్చయింది 2021–22లో ఇచ్చినవాళ్ళ డబ్బు. మీరు ఇప్పుడిచ్చింది 2027–28లో ఎవరికో అక్కరకొస్తుంది. ఫలానా పని కోసమే అని పేరు పెట్టి ఇచ్చే విరాళాలకు లెక్క వేరు, దీంతో కలిపేసుకోకండి. ఆదాయపు పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జి రసీదులు రానివాళ్ళు పాన్ నంబరు సరిచూసుకుని నాకు చెప్పండి.

పోలియో

మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న మనకు పోలియో రహిత ధ్రువీకరణ దక్కింది. ఇంకా పోలియోకి చందా ఎందుకండీ అని కొత్త సభ్యులు అడగడం సహజమే. 2009లో ఒక్క మన దేశంలోనే 741 కేసులున్నాయి, ప్రపంచంలో దాదాపు సగం మనవే. 2010లో అది 42కి దిగింది, 2011లో ఒక్కటి. ఆ పల్స్ పోలియో ఆదివారాల్లో బూత్‌ల దగ్గర కూర్చున్న సీనియర్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వ్యాక్సిన్ సీసా మీద వృత్తంలో ఉన్న చిన్న చతురస్రం రంగు మారిందా లేదా చూసి, మారితే పక్కన పడేసి, పిల్లల ఎడమ చిటికెన వేలికి ఇంకు పెట్టడం వాళ్ళకి ఇప్పటికీ చేతి అలవాటే.

సహజ వైరస్ ఇంకా మిగిలింది పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో. 2023లో రెండు దేశాల్లో కలిపి 12 కేసులే ఉంటే అయిపోవచ్చిందనుకున్నాం. 2024లో అవి 99 అయ్యాయి, పాకిస్తాన్‌లో 74, అఫ్గానిస్తాన్‌లో 25. గాజాలో పాతికేళ్ళ తర్వాత ఒక పసివాడి కాలు పడిపోయింది. అక్కడ యుద్ధం మధ్యే సెప్టెంబర్‌లో చుక్కలు వేయడం మొదలుపెట్టారు. 2025 జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించడంతో ఈ పనికి డబ్బు కటకట ఇంకా పెరుగుతుంది. రోటరీ ఏటా సమకూర్చే 5 కోట్ల డాలర్లకు గేట్స్ ఫౌండేషన్ రెండింతలు కలుపుతోంది, మొత్తం 15 కోట్లు. మనం వేసే ఒక్క రూపాయి మూడు రూపాయలవుతుంది. ఏడాదికి 100 డాలర్లిచ్చే పోలియోప్లస్ సొసైటీలో మన క్లబ్ నుంచి ఈసారి కొత్తగా చేరినవారికి పిన్‌లు ఈ సభలోనే ఇస్తాం.

సభ్యత్వం

ఇక అసలు సంగతికి వస్తాను. ప్రపంచవ్యాప్తంగా రొటేరియన్లు దాదాపు 12 లక్షలు. ఇరవై ఏళ్ళ కిందటా ఇంచుమించు అంతే. చేరేవాళ్ళు లేక కాదు, ఏటా చేరినంతమందీ ఇంకో ద్వారం గుండా వెళ్ళిపోతున్నారు. అమెరికాలో తగ్గుతున్నారు, మన దేశంలో పెరుగుతున్నారు, ఇక్కడ లక్షన్నర దాటాం. 2021–22లో శేఖర్ మెహతా గారు రోటరీ ఇంటర్నేషనల్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఒక్కొక్కరూ ఒక్కొక్కరిని తీసుకురండి అన్నారు. మనమూ తెచ్చాం. అప్పుడు చేరినవాళ్ళ పేర్లు, ఇప్పటి జాబితా పక్కపక్కన పెట్టి చూసుకోండి, నేనేం చెప్పక్కర్లేదు.

ఈ ఏడాది మానేసినవాళ్ళకు నేనే ఫోన్లు చేశాను. డబ్బు భారమైందని చెప్పినవాళ్ళు తక్కువ. ఎక్కువమంది చెప్పింది మన మీటింగ్‌ల గురించే. ఏడున్నరకని పిలిచి ఎనిమిదింపావుకి మొదలుపెట్టడం, వేదిక మీదున్న ప్రతి ఒక్కరికీ శాలువా, మెమెంటో, ప్రతి ఒక్కరూ "రెండే రెండు మాటలు" అంటూ పావుగంట. భోజనాలయ్యేసరికి పదిన్నర. ఒక కుర్రాడైతే, "సార్, చేర్చుకున్న రోజు పిన్ పెట్టి ఫోటో తీశారు. ఆ తర్వాత ఎవరూ నాకు ఏ పనీ చెప్పలేదు" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

అదే వరదప్పుడు వ్యాన్ ఎక్కిన కొత్త సభ్యుల్లో ఒక్కరూ మానలేదు. పుట్టినరోజు డబ్బాలో క్రమం తప్పకుండా వేస్తున్నదీ ఎక్కువగా వాళ్ళే. చందా పుస్తకం, సభ్యుల జాబితా వేర్వేరు ఫైళ్ళలో ఉంచుతున్నాం గానీ రెండూ ఒకటే.

మహిళల విషయం సంతోషంగా చెప్పొచ్చు. కాలిఫోర్నియాలో డుఆర్టే క్లబ్ ఆడవాళ్ళను చేర్చుకుందని ఒకప్పుడు రోటరీ దాని చార్టరే (గుర్తింపు పత్రం) రద్దుచేసింది. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1987లో తీర్పొచ్చాకే, 1989లో రోటరీ నిబంధన మారింది. 2024–25లో రోటరీ ప్రపంచ అధ్యక్షురాలు స్టెఫానీ అర్చిక్ గారు, ఆ పదవిలో రెండో మహిళ. మన క్లబ్‌లో ఏళ్ళ తరబడి యాన్స్ (సభ్యుల భార్యలు) పేరుతో క్యాంపుల్లో రిజిస్ట్రేషన్ టేబుల్ నుంచి భోజనాల దాకా చూసినవాళ్ళు ఈసారి సొంత పేర్లతో సభ్యత్వం తీసుకున్నారు. ఒకరు కమిటీ చైర్మన్ కూడా. ఇది పదేళ్ళ కిందటే జరగాల్సింది.

రోటరాక్ట్ (మన యువజన విభాగం) పిల్లలు బాగా పనిచేస్తున్నారు. చదువు కాగానే హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోతున్నారు, అది మన చేతిలో లేదు. వెళ్ళేవాళ్ళకు అక్కడి క్లబ్‌ల పరిచయం చేసి పంపడం మాత్రం మన చేతిలోనే ఉంది.

బోర్డు తీసుకున్న నిర్ణయాలు ఇవి: జూలై నుంచి మీటింగ్ ఏడున్నరకే మొదలవుతుంది, ముఖ్య అతిథి రాకపోయినా సరే. శాలువాలు ఒక్క అతిథికి మాత్రమే, ఆ మిగిలిన డబ్బు పోలియో ఖాతాకి. చేరిన నెలలోపు ప్రతి కొత్త సభ్యుడికీ, సభ్యురాలికీ ఒక పని అప్పగించాలి, అప్పగించారో లేదో క్లబ్ అసెంబ్లీలో చదివి వినిపించాలి. శాలువాల మీద పీడీజీ (మాజీ డిస్ట్రిక్ట్ గవర్నర్) గారు అభ్యంతరం చెప్పారు, మినిట్స్‌లో రాసుకున్నాం.

ఒక ముఖ్య గమనిక. రోటరీ ఇంటర్నేషనల్‌కి ఒక్కో సభ్యుడి చందా 2024–25లో 78.50 డాలర్లు, 2025–26లో 82, ఆరు నెలలకు 41 చొప్పున. జూలై 1న జాబితాలో ఎంతమంది ఉంటే అంతమందికీ మన క్లబ్ కట్టాల్సిందే. మానేయాలనుకున్నవాళ్ళు దయచేసి జూన్ 30 లోపు చెప్పండి. చెప్పేముందు నాకో, ప్రెసిడెంట్ గారికో ఒక్క ఫోన్ చేయండి.

ఈ నివేదికను ఆమోదం కోసం సభ ముందు ఉంచుతున్నాను.

కార్యదర్శి