డిండి కట్ట మీద మనవాళ్ళ పేర్లు

ఒరేయ్ మామా,

చెల్లెమ్మా, పిల్లలూ బాగున్నారా? మొన్న ఫోన్‌లో, పోయిన మనవాళ్ళని తలుచుకుంటూ మన బైక్ క్లబ్బు చేసే రైడ్ ఎలా జరిగిందిరా అని నువ్వడిగితే "బాగానే జరిగింది" అని పెట్టేశాను. పక్కన ఆఫీసువాళ్ళున్నారు, పైగా అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కాగితం పట్టుకున్నా. ఎప్పట్లాగే ఊకదంపుడు ఉంటుంది, తీరిక చేసుకుని చదువు.

ఈసారీ పెత్రమాసకు ముందు వచ్చే ఆదివారమే పెట్టుకున్నాం. ఆ రోజే ఎందుకని కొత్త పిల్లలు అడిగారు. ఇళ్ళల్లో పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చుకునే పక్షం కదా, మరి మనకి రోడ్డు మీద పెద్దలైనవాళ్ళని ఎవరు తలుచుకుంటారు, మనమేగా అన్నాను. అర్థమైందో లేదోగానీ తలలూపారు. నాకు ఇంకో స్వార్థం కూడా ఉందనుకో. వానలు వెనకబట్టాక శ్రీశైలం రోడ్డు అందం వేరు. ఆమనగల్లు దాటితే గట్ల మీద పసుప్పచ్చ తంగేడు, బీళ్ళలో తెల్లగా గునుగు. ఎంగిలిపూల బతుకమ్మకని సంచులు పట్టుకుని పూలు కోస్తున్న ఆడపిల్లలు మన బండ్ల వరస చూసి చేతులూపుతారు. వానాకాలం చెమ్మకి చైన్‌కి తుప్పు పట్టినా ఫర్వాలేదు, ఆ ఒక్క రోజు నేను ఇంట్లో ఉండలేను.

ఇక నువ్వు చెప్పిన ఖాళీ జాగా ఐడియా సంగతి. యుద్ధ విమానాలు వరసగా ఎగురుతూ పోయిన పైలట్ చోటు ఖాళీగా వదిలేస్తాయని, మీ దగ్గర బైకర్లు దాన్నే రోడ్డు మీదకి తెచ్చుకున్నారని రాశావు కదా. వాషింగ్టన్‌లో మెమోరియల్ డేకి 1988 నుంచి వేల బండ్లు బయల్దేరేవని, యుద్ధాల్లో పట్టుబడి తిరిగిరాని సైనికుల కోసం మొదలైన ఆనవాయితీ అని చెప్పి ఫోటోలు కూడా పంపావు. సరే, మనమూ చేద్దామనుకున్నాం. తుక్కుగూడలో జమయ్యాం. ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు గదా, అందరూ కింద నుంచే చేరారు. ముందు లీడ్, అతని పక్క జాగా ఖాళీ, వెనక రెండు వరసల్లో మిగతావాళ్ళం. చూడ్డానికి బాగానే ఉంది.

మహేశ్వరం గేటు కూడా రాలేదు మామా, ఆ ఖాళీలోకి ఒక ఆటో దూరింది! లోపల మేకపిల్లతో సహా ఆరుగురు. మన రోడ్డు మీద జాగా ఖాళీగా ఉంటే ఎవడైనా ఊరుకుంటాడా చెప్పు. లీడ్ చెయ్యూపి ముందుకు పొమ్మంటే, ఆటో అతను పలకరిస్తున్నాం అనుకుని తనూ చెయ్యూపాడు. పోయినవాళ్ళందరి తరఫునా ఆ ఆటోనే కడ్తాల్ దాకా మనతో వచ్చింది. మన మెకానిక్ ఉస్తాద్ బతికుంటే "నాకు సవారీ దొరికింది, కిరాయి మీరిచ్చుకోండి" అనేవాడు. వచ్చే ఏడు ఈ ఖాళీ జాగా కార్యక్రమం వద్దని నేను గట్టిగా చెప్పాను. వెనక నుంచి లారీ వచ్చి దూరితే ఇంకో పేరు కలుస్తుంది లిస్టులో.

మైసిగండి మైసమ్మ దగ్గర కొబ్బరికాయలు కొట్టాం. కల్వకుర్తిలో టిఫిన్, పూరీ బాగాలేదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే పులుల అడవి, ఎక్కడపడితే అక్కడ బండి ఆపకూడదు. అందుకే పోయినవాళ్ళ పేర్లు చదవడం డిండి రిజర్వాయర్ కట్ట మీదే పెట్టుకున్నాం.

అక్కడ చిన్న రగడ. సైలెన్సర్ లోపలి జల్లెడ పీకించుకున్న ఒక కుర్రాడు, మౌనం ఎందుకన్నా, అందరం ఒక నిమిషం బండ్లు రేస్ చేద్దాం, ఆకాశం దద్దరిల్లాలి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పోయినవాళ్ళలో ఒక్కడికీ ఆ చప్పుడు గిట్టేది కాదు. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, ఇంజన్లన్నీ ఆపేసి, ఉస్తాద్ బండి ఒక్కటే స్టార్ట్ చేయాలని.

ఆ బండి నీకు గుర్తే కదా. 1984 మోడల్ బుల్లెట్, తిరువొత్తియూరు ఫ్యాక్టరీది, పోత ఇనుము ఇంజను, కుడికాలి గేరు. ఉస్తాద్ కొడుకు తెచ్చాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు ఇప్పుడు. ఎడమకాలి గేరుకి అలవాటుపడ్డ పిల్లాడు, దారంతా బ్రేకు కొట్టబోయి గేరు మారుస్తూ, గేరు మార్చబోయి బ్రేకు కొడుతూ వచ్చాడు పాపం. కట్ట మీద అందరూ చుట్టూ నిలబడేసరికి టెన్షన్ పడి, యాక్సిలరేటర్ తిప్పుతూ కిక్కు మీద కిక్కు. బండి కదల్లేదు. ఒకసారి కిక్కర్ ఎదురుతన్నింది కూడా, మడమ పట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు ఆగలేకపోయారు. "యాక్సిలరేటర్ ముట్టుకోకు బాబూ, ఆంపియర్ ముల్లు చూడు" అంటూ పక్కకొచ్చారు.

నేర్పించారు చూడు, ఉస్తాద్ మనకి నేర్పినట్టే. కిక్కర్ మెల్లగా దించుతూ పో. ఇగ్నిషన్ పాయింట్లు మూసుకున్నంతసేపు ముల్లు మైనస్ వైపు వాలి ఉంటుంది, తెరుచుకోగానే మధ్యకి వచ్చి నిలబడుతుంది. నిలబడిందా, సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషర్ లివర్ నొక్కి పిస్టన్‌ని ఒక్క పిసరు దాటించు. లివర్ వదిలెయ్. కిక్కర్‌ని పైదాకా రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒకటే దెబ్బ. పిల్లాడు అలాగే చేశాడు. ఒక్క కిక్కు! ఆ పాత దడదడ వినగానే మనవాళ్ళలో సగంమంది నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డారు. నేను మాత్రం ఇంజను వాల్వుల దగ్గర ట్యాపెట్ చప్పుడు విన్నాను. మళ్ళీ సెట్ చేయించాలి దానికి.

ట్యాపెట్ అంటే పుత్లీబౌలి షెడ్డు గుర్తొచ్చింది. ఉస్తాద్ పుష్‌రాడ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూపించేవాడు, వేళ్ళ మధ్య హాయిగా తిరగాలి, కిందికీ పైకీ మాత్రం కదలకూడదు అని. గేజ్ వాడగా నేనెప్పుడూ చూడలేదు. పాయింట్ గ్యాప్‌కి సిగరెట్ పెట్టె కాగితం. అంత పనిమంతుడు, చెప్పిన రోజుకి బండి ఇచ్చిన పాపాన మాత్రం పోలేదు. శుక్రవారం రమ్మనేవాడు, ఏ శుక్రవారమో చెప్పేవాడు కాదు. 2021లో సెకండ్ వేవ్ అప్పుడు మనం ఎవరం జనాజాకి కూడా వెళ్ళలేకపోయాం కదా, ఆ లోటు నాలో అలాగే ఉండిపోయింది. డిండి మీద కొడుకు ఫాతిహా చదివాడు, మిగతావాళ్ళం ఎవరికి తెలిసిన దణ్ణం వాళ్ళం పెట్టుకున్నాం. తర్వాత అరగంట సేపు ఉస్తాద్‌ని తిట్టుకున్నాం. ఎవరి బండి ఎన్ని నెలలు షెడ్డులో పడి ఉందో చెప్పుకుంటుంటే ఆ పిల్లాడు పడీ పడీ నవ్వాడు. ఇంట్లో కూడా అంతే అంకుల్, ఫ్యాన్ బాగుచేస్తానని విప్పి వదిలేసేవాడు అన్నాడు.

ఇప్పుడు అసలు విషయం. చిన్నోడి అమ్మ వచ్చింది ఈసారి.

కారులో వచ్చిందిలే. పులిహోర చేసి పెద్ద స్టీలు డబ్బాలో తెచ్చింది అందరికీ. నాకు ఆమె మొహం చూడాలంటే భయం. అంత్యక్రియల రోజు మనవాడొకడు ఆమె ముందు నిలబడి, "వాడికి ఇష్టమైన పని చేస్తూ పోయాడమ్మా" అన్నాడు, నీకు గుర్తుందో లేదో. ఆమె అప్పుడేం అనలేదు. ఈసారి డిండి మీద కుర్రాడొకడు మైకు పట్టుకుని మళ్ళీ అదే మాట మొదలుపెట్టాడు. ఆమె నెమ్మదిగా లేచి, "బాబూ, వాడికి బతకడం ఇష్టం. ఇంటికి రావడం ఇష్టం. వస్తున్నాడు కూడా" అంది. అంతే. మైకు కింద పెట్టేశాడు వాడు.

నిజమే కదరా. విజయవాడ నుంచి ఇంటికే వస్తున్నాడు. సూర్యాపేట దాటాక, రోడ్డు మీద టెయిల్ ల్యాంపు లేకుండా, కనీసం నాలుగు రాళ్ళూ ఒక చెట్టుకొమ్మా కూడా అడ్డం పెట్టకుండా ఆపేసిన లారీ. హెల్మెట్ ఉంది, జాకెట్ ఉంది, స్పీడు కూడా లేదన్నారు. దానికి వీరమరణం రంగు పూయడం నాకు చచ్చినా నచ్చదు. ప్రభుత్వం లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు మీద పోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో నూటికి 44 మంది టూవీలర్ల మీద పోయినవాళ్ళే. వాళ్ళంతా ఇష్టమైన పని చేస్తూ పోయినట్టా? కూరగాయలకి వెళ్తూ పోయారు, డ్యూటీ దిగి వస్తూ పోయారు.

ఆమె అడిగింది వేరే. వాడు దారిలో ఏం తినేవాడు, ఎక్కడ ఆగేవాడు, ఎవరితో మాట్లాడేవాడు. తల్లికి తెలియని కొడుకు మన దగ్గర ఉన్నాడన్నమాట, అది కావాలి ఆమెకి. ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. మిర్చిబజ్జీ లోపలి మిరపకాయ తీసి పక్కన పెట్టేవాడని చెబితే, ఇంట్లో అలా చేస్తే నేను తిట్టేదాన్ని అంది. చలికి గ్లోవ్స్ కింద పాత సాక్సులు తొడుక్కునేవాడని చెబితే, ఆ సాక్సులు ఎక్కడ మాయమయ్యాయా అని ఇల్లంతా వెతికానంది. నువ్వు వాడితో అరకు వెళ్ళావు కదా, ఆ ఘాట్‌లో వానలో చిక్కుకున్న కథ నాకు సరిగ్గా రాదు. నువ్వే రాసి పంపు. ఆమెకి చదివి వినిపిస్తా.

ఈ సందర్భంలో ఒక పనికొచ్చే పని కూడా జరిగిందిరా. బండి ఇన్సూరెన్స్‌లో ఓనరే నడుపుతూ పోతే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుందని మనలో సగంమందికే తెలియదు, ఇంట్లోవాళ్ళకి ఎలా తెలుస్తుంది? అప్పుడు చిన్నోడి పాలసీ వాడి మెయిల్‌లో ఉంది, మెయిల్ ఫోన్‌లో ఉంది, ఫోన్‌కి లాక్ ఉంది. షోరూము నుంచి కాపీ తీసుకునేదాకా ఎన్ని చోట్లకి తిరిగామో నీకు తెలుసు. ఈసారి అందరి చేతా పాలసీ, లైసెన్సు కాపీలు ఇంట్లో బీరువాలో పెట్టించాలని, నామినీ పేరు సరిచూసుకోవాలని డిండి మీదే ఒప్పించాను. బండి సంగతి కూడా చెప్పాను. ఓనరు పోతే 30 రోజుల్లోపు ఆర్టీఓకి తెలపాలి, 3 నెలల్లో ఫారం 31తో వారసుల పేరుకి మార్చుకోవాలి. ఇలాంటివి మాట్లాడితే అశుభం అని మొహం చిట్లించారు ఇద్దరు ముగ్గురు. ఏడుపు మధ్యలో కాగితాలు వెతకడం శుభమా మరి?

ఇంకో పంచాయితీ అక్క పేరు దగ్గర వచ్చింది. మాస్టారి వెనక కూర్చుని మన రైడ్లన్నీ తిరిగిన మనిషి, క్యాన్సర్‌తో పోయింది. పేర్ల కాగితంలో ఆమె పేరు లేదు. ఎందుకురా అంటే, బండి నడిపినవాళ్ళే మెంబర్లు, పిలియన్లు కారు, రూల్సు అలా ఉన్నాయి అన్నాడు సెక్రటరీ. రూల్సా! గుంత వస్తే కుడిచెయ్యి కిందికి చూపించి వెనకవాళ్ళందరినీ కాపాడింది ఆమె. పెట్రోలు, టీ, రూములు, ఎవరెంత బాకీ, అన్నీ ఆ చిన్న నోట్‌బుక్‌లో రాసేది. నువ్వు హంపి ట్రిప్పులో ఇవ్వాల్సిన డబ్బు ఇంకా అందులో రాసే ఉందట, మాస్టారు చెప్పారు. మాస్టారు మాత్రం వాదనలో నోరు తెరవలేదు, బండి మీద ఖాళీ సీటుకి రెయిన్‌కోట్ల మూట కట్టుకుంటూ కూర్చున్నారు. నేనే లేచి ఆమె పేరు చదివేశాను. సెక్రటరీ ముఖం ముడుచుకున్నాడు గానీ అందరూ చప్పట్లు కొట్టేసరికి ఏం చేస్తాడు.

ఆ ఊపులో ట్రెజరర్ సాబ్ పేరు కూడా చదివాను. చందా డబ్బుల గొడవలో తిట్టుకుని క్లబ్బు వదిలిపోయిన మనిషే, ఒప్పుకుంటాను. లెక్క ఇప్పటికీ తేలలేదు. పోయినంత మాత్రాన ఆ లెక్క సరిపోయిందని నేను అనను. కానీ బైరాన్‌పల్లి దగ్గర రాత్రిపూట నా బండి ట్యూబు మార్చింది ఆయనే, తన టార్చి నోట్లో పెట్టుకుని. రెండూ ఆయనే.

ఆ తర్వాత అడవి, దోమలపెంట ఘాట్, డ్యామ్ మామూలే. గేట్లు ఎత్తి ఉన్నాయి, వాటికంటే సెల్ఫీలు దిగేవాళ్ళే ఎక్కువ. కార్ల మధ్య నుంచి బయటపడేసరికి క్లచ్ పట్టి పట్టి చెయ్యి పీకింది. రాత్రి 9 తర్వాత అడవి దారి మూసేస్తారు కదా, అందుకని దర్శనం తొందరగా ముగించుకుని వెనక్కి వచ్చేశాం. వచ్చేటప్పుడు స్వీప్‌గా నన్ను పెట్టారు. నువ్వెలా ఓపిక పట్టేవాడివో గానీ, అందరి వెనకా అలా నిదానంగా రావడం నా వల్ల కాలేదు.

సరే, పనులు. ఒకటి, అరకు కథ రాసి పంపు, కాస్త పెద్దదిగా. రెండు, పిలియన్ల పేర్లు కూడా కలపాలని వచ్చే మీటింగ్‌లో తీర్మానం పెడుతున్నా, పాత మెంబరువి కాబట్టి నీ ఓటు వాట్సాప్‌లో పెట్టు, సెక్రటరీ కాదనడానికి వీల్లేకుండా. మూడు, సంక్రాంతికి వస్తానన్నావుగా, నీ బండి మీద కవర్ తీసి చూశాను. టైర్లు పగుళ్ళిచ్చాయి, క్లచ్ కేబుల్ తెగడానికి సిద్ధంగా ఉంది, బ్యాటరీ సంగతి అడక్కు. ఉస్తాద్ కొడుకుని చూడమన్నాను, శుక్రవారం ఇస్తానన్నాడు. డబ్బులు పంపించు, హంపి బాకీతో కలిపి.

ఉంటా మరి,
నీ మామ