సిగరెట్టు మానేవారిని మొదటి వారాల్లో ఒంటరిగా వదలకండి

కర్ణాటక రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

నేను బెంగళూరు మారతహళ్ళిలో మందుల దుకాణం నడుపుతున్న తెలుగువాణ్ణి. చుట్టుపక్కల పీజీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కర్నూలు, అనంతపురం వైపు నుంచి పనులకు వచ్చిన మేస్త్రీలు, క్యాబ్ డ్రైవర్లు సిగరెట్టు మానాలని నికోటిన్ గమ్ కోసం మా దుకాణానికి వస్తుంటారు. వారిలో కొందరు మూడో రోజో నాలుగో రోజో మళ్ళీ వచ్చి నిద్రమాత్ర అడుగుతారు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనంటే కసురుకుంటారు. ఆ చిరాకు సిగరెట్టు మానడం వల్ల వచ్చిందేనని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

నికోటిన్ అందకపోతే ఆందోళన, చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం మామూలే. ఇవి మొదటి వారంలో తీవ్రంగా ఉండి, సాధారణంగా మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. ఆ సంగతి తెలియనివారు సిగరెట్టు లేకపోతే తమకు మనశ్శాంతి లేదని తీర్మానించుకుని మళ్ళీ వెలిగిస్తారు. నిజానికి ఆ దమ్ముతో తీరేది ముందటి సిగరెట్టు మిగిల్చిన వెలితి మాత్రమే. వడ్డీ కట్టడానికి మళ్ళీ అప్పు చేయడం లాంటిది. 26 అధ్యయనాలను కలిపి పరిశీలించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2014లో ప్రచురించిన విశ్లేషణలో, తాగుతూనే ఉన్నవారితో పోలిస్తే మానినవారిలో దిగులు, ఆందోళన, ఒత్తిడి తగ్గినట్టు తేలింది. మానసిక వ్యాధులు ఉన్నవారి విషయంలోనూ ఫలితం అదే.

ఇక్కడ కాఫీ సంగతి కూడా చెప్పాలి. పొగలోని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా విరిచేస్తుంది. పొగ ఆగితే ఆ వేగం తగ్గుతుంది కనుక, రోజూ తాగే ఫిల్టర్ కాఫీయే గుండెదడగా, నిద్రలేమిగా పరిణమించవచ్చు. ఆ సమయంలో కాఫీ తగ్గించమని చెప్పేవారుంటే సగం బాధ తప్పుతుంది. గమ్ విషయమూ అంతే. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి మింగితే కడుపులో మంట, ఎక్కిళ్ళు తప్ప ప్రయోజనం తక్కువ. మెల్లగా నమిలి, ఘాటు తెలియగానే చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి. కాఫీ తాగిన వెంటనే వాడకూడదు. రద్దీ వేళల్లో ఇంత వివరం చెప్పడం నాకే సాధ్యం కాదు.

సహాయం అసలే లేదని అనను. పొగాకు మానేందుకు సలహా ఇచ్చే, సిగరెట్టు పెట్టెల మీద 2018 నుంచి అచ్చవుతున్న 1800-11-2356 నంబరుకు సేవలందించే కేంద్రాల్లో మన నగరంలోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఒకటి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మానసిక ఆరోగ్యం కోసం 14416 నంబరుతో టెలీ మానస్ అనే ఫోను సేవ 2022లో మొదలైంది. కానీ పెట్టె కొనేవాడికే కదా ఆ నంబరు కనిపించేది! బేకరీ ముందు టీతో పాటు ఒక్క సిగరెట్టు తీసుకుని, దారానికి వేలాడే లైటరుతో వెలిగించుకునే మనిషికి పెట్టె చేతికే రాదు. విడి సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించిన మన రాష్ట్ర సవరణ చట్టానికి 2025లో రాష్ట్రపతి ఆమోదం లభించినా, మా వీధిలో అమ్మకం మునుపటిలాగే సాగుతోంది. చట్టాన్ని అమలు చేయించండి. ఈలోగా కనీసం ఆ రెండు నంబర్లను కన్నడ, తెలుగు, తమిళ, హిందీ భాషల్లో అటువంటి దుకాణాల దగ్గర రాయించండి.

అంతకన్నా ముఖ్యంగా నేను కోరేది నమ్మ క్లినిక్కుల (పట్టణాల్లోని చిన్న ప్రభుత్వ వైద్యశాలల) గురించి. బీపీ, షుగరు చూసేటప్పుడే పొగ అలవాటు గురించి అడిగి, మానదలచినవారి నంబరు రాసుకుని, మానిన మొదటి వారంలో రెండు మూడుసార్లు, తరువాతి మూడు వారాల్లో అప్పుడప్పుడు ఫోను చేసే బాధ్యతను సిబ్బందిలో ఒకరికి అప్పగించండి. దిగులు వారాల తరబడి తగ్గకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వస్తున్నట్టు చెప్పినా, ఆ మనిషిని వెంటనే మానసిక వైద్యుడికి చూపించే దారి ముందే నిర్ణయించి ఉండాలి.

ఇప్పటికే మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. "పాపం, అదొక్కటే వాడికి సుఖం, మానిపించకండి" అనే మాట ఇళ్ళలోనూ, కొన్నిసార్లు ఆసుపత్రుల్లోనూ వింటుంటాం. ఆ జాలి వారికి మేలు చేయదు. మానడానికి తోడ్పడే వరెనిక్లిన్, బుప్రోపియాన్ మందులు మనసును దెబ్బతీస్తాయన్న భయాన్ని, 8,000 మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరిశోధన 2016లో చాలావరకు తొలగించింది; పాల్గొన్నవారిలో దాదాపు సగం మందికి మానసిక వ్యాధి చరిత్ర ఉంది. అయితే తీవ్ర మానసిక వ్యాధులకు ఇచ్చే క్లోజపిన్, ఒలాంజపిన్ మందులు వాడేవారు సిగరెట్టు మానితే రక్తంలో ఆ మందు పాళ్ళు పెరుగుతాయి, మళ్ళీ మొదలుపెడితే పడిపోతాయి. పొగ తాగనివ్వని వార్డులో ఉండగా నిర్ణయించిన మోతాదు, ఇంటికెళ్ళి మళ్ళీ సిగరెట్టు ముట్టించిన మనిషికి చాలకపోవచ్చు. అందువల్ల ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక చికిత్సా విభాగాలు ఇచ్చే డిశ్చార్జ్ పత్రంలో రోగి పొగ అలవాటు, అది మారితే వెంటనే వైద్యుడికి తెలపాలన్న సూచన తప్పనిసరిగా ఉండేలా ఉత్తర్వు జారీ చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మారతహళ్ళి మందుల దుకాణదారుడు, బెంగళూరు